వెలిగితే కదలరాదు, ఆరితే బాగుచేయరాదు

కోనాపురం జీవరక్షా మండలిలో ఇంతవరకూ ఒక్క మెమో కూడా అందుకోని ప్రాణులు రెండే రెండు. ఒకటి డ్రైవరు ఓబులేసు, రెండోది ప్రదర్శన కోసమని గేటు పక్కన కట్టేసి ఉంచే పొట్టేలు. పొట్టేలును కట్టేశారు కాబట్టి అందులో దాని గొప్పేమీ లేదు. ఓబులేసు మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఊరూరా బండి తిప్పుతూ ఆ పేరు నిలబెట్టుకున్నాడు.

మండలి చేసే పని చిన్నదే. చుట్టుపక్కల ఇరవై ఒక్క పల్లెల్లో గొర్రెలకూ మేకలకూ వేళకు టీకాలు వెయ్యడం. అందుకోసం ఒక వ్యాను ఉంది. ముందు సీట్లో డాక్టరు, వెనక బల్ల మీద ఇద్దరు సహాయకులు, ఆ వెనక మంచుగడ్డలతో నింపిన మందుపెట్టె. బండి వయసు పద్నాలుగేళ్ళు. మనిషికైతే అది మీసం మొలిచే వయసు గానీ సర్కారు బండికి కాటికి కాళ్ళు చాపే వయసు. ఓబులేసు దానికి వేళకు ఆయిలు పోసి, టైర్లు మార్పించి, అద్దాలు తుడిచి ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన పది రోజులకు, గుండ్లవంక మిట్ట ఎక్కుతుండగా, స్పీడు ముల్లు పక్కన ఒక చిన్న నారింజరంగు దీపం వెలిగింది. ఇంజను బొమ్మ దీపం అది. చూడ్డానికి వీధి కొళాయిలా ఉంటుంది. లోపల ఏదో తేడా వచ్చింది, చూపించుకో నాయనా అని దాని అర్థం. ఓబులేసు గుండె గుభేలుమంది. కానీ తిరిగి కోనాపురం సిమెంటు రోడ్డు ఎక్కగానే దీపం ఆరిపోయింది. మర్నాడు అదే మిట్ట దగ్గర మళ్ళీ వెలిగి, అదే సిమెంటు రోడ్డు మీద మళ్ళీ ఆరింది. పల్లెల రోడ్డు మీద వెలగడం, ఆఫీసర్ల రోడ్డు మీద ఆరడం దానికి అలవాటైపోయింది.

ఓబులేసు బండిని బస్టాండు వెనక మెకానిక్ దాదాపీరు దగ్గరికి తీసుకెళ్ళాడు. దాదాపీరు బానెట్టు ఎత్తి, ఇంజను నడుస్తుండగానే వైర్లను ఒక్కొక్కటిగా పట్టుకుని కదిలించాడు. నాలుగో వైరు కదిలించేసరికి లోపల దీపం టపీమని వెలిగింది. వదిలేస్తే ఆరింది.

“దొరికినాడు సూడు దొంగ!” అన్నాడు దాదాపీరు. “ఈ వైరు ఈ రేకుకు ఒరుసుకోని ఒరుసుకోని పైతోలు పాయింది ఓబులేసన్నా. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా రేకుకు తగులుతాంది. తగిలితే లైటు వెలుగుతాది, తగలకపోతే లేదు. జానెడు టేపు సుట్టి, ఇట్ల పక్కకు కడితే అయిపాయె. సుట్టేదా?”

“వద్దులే పీరూ. బయటోళ్ళు చెయ్యి పెట్టకూడదు, రూలుండాది. మా వర్క్‌షాపుకు రాసిస్తా.”

అదీ ఓబులేసు చేసిన తప్పు. ఇరవై ఆరేళ్ళు సర్కారు కొలువు చేసిన మనిషి, నోటితో పోయే ముక్కను కాగితం మీద పెట్టాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తనే చేతికి అందించాడు.

ఆ కాగితం వెళ్ళిన వేళ మంచిది కాదు. మండలి డిప్యూటీ డైరెక్టరు అచ్యుతానందం గారు రాజధానిలో ఐదు రోజుల శిక్షణ ముగించుకుని అప్పుడే దిగారు. శిక్షణ పేరు ‘శూన్య దీప ఉద్యమం’. ఏ బండిలోనూ ఏ హెచ్చరిక దీపమూ వెలగని శాఖే ఆదర్శ శాఖ అని ఆ ఐదు రోజులూ అక్కడ నూరిపోశారట. శిక్షణ నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరును ఏ శక్తీ ఆపలేదు. ఆయన బ్యాగు దించీ దించకముందే ఒక సర్క్యులరు దించారు.

“ఒకటి: ఇంజను హెచ్చరిక దీపము వెలుగుచున్న వాహనమును, అది వెలిగిన చోటు నుండి ఒక్క అడుగైనను కదల్చరాదు. రెండు: సదరు దీపము వెలగని వాహనము ఆరోగ్యవంతమైనదిగా పరిగణింపబడును గావున దానికి ఎట్టి మరమ్మతును చేయరాదు.”

ఓబులేసు దాన్ని నోటీసు బోర్డు దగ్గర నిలబడి మూడుసార్లు చదివాడు. చదివినకొద్దీ సందేహం పెరిగింది. తీరా బండి తీసుకుని మండలి వర్క్‌షాపుకు వెళ్తే, ఫోర్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

“వెలుగుతాందా?”

“ఇప్పుడు లేదు సార్.”

“వెలగని బండికి చెయ్యి పెట్టకూడదు. వెలుగుతాండే బండి తీసుకరా పో.”

“వెలిగినప్పుడు కదిలించకూడదంట గదా సార్?”

“అవును. కదిలించొద్దు.”

“మరి ఎట్ల తెచ్చేది?”

“అదీ నన్నే అడుగుతావేమప్పా? డ్రైవరు నువ్వా, నేనా?”

ఓబులేసు బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. అది కూడా పశువుల ఆఫీసులో!

అయితే ఆయన దిగులు దీపం గురించి కాదు. గుండ్లవంకలో ఆయన చెల్లెలు మారెక్క ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి గొర్రెల మందతోనే బతుకుతోంది. నిరుడు వానలు పడగానే జీవాలకు మూతివాపు రోగం వచ్చింది. డాక్టర్లు దాన్ని నీలినాలుక అంటారు. నలభై ఎనిమిది జీవాల్లో పందొమ్మిది పోయాయి. మూతులు వాచి, మేత ముట్టక, ఒక్కొక్కటే కాళ్ళు ముడుచుకుని పడిపోతుంటే మారెక్క ఏడ్చిన ఏడుపు ఓబులేసు చెవుల్లో ఇంకా ఉంది. మిగిలినవి ఇరవై తొమ్మిది. ఈసారి వానలకు మూడు వారాల ముందే టీకా పడాలి, లేకపోతే అది ఒంటికి పట్టదు. మండలి ఫ్రిజ్‌లో పన్నెండు వేల డోసులు సిద్ధంగా ఉన్నాయి. వాటిని మోసుకెళ్ళాల్సిన బండి, దారిలో దీపం వెలిగితే అక్కడే ఆపెయ్యాలి గనక, ఆఫీసు ఆవరణలో నిలబడి ఉంది.

డాక్టరు ప్రసూన మండలికి వచ్చి ఏడాదే అయింది. ఇంకా కోపం తెచ్చుకోవడం మరిచిపోలేదు. ఆమె నేరుగా అచ్యుతానందం గారి గదిలోకి వెళ్ళి, జూన్ ముగిసేలోపు టీకాలు పడకపోతే జీవాలు చస్తాయని చెప్పింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, “తమ ఆవేదన నమోదు చేయబడినది” అన్నారు. సాయంత్రానికి ఒక కమిటీ పుట్టింది.

కమిటీలో అచ్యుతానందం గారు గాక ఇంకో ఇద్దరు సభ్యులు. వాళ్ళ పేర్లు చెప్పినా మీకు గుర్తుండవు, జీతాల గుమాస్తాకే గుర్తుండేవి కావు. ముగ్గురూ మర్నాడు పది గంటలకు వచ్చి, ఆవరణలో వేపచెట్టు నీడన నిలబెట్టిన వ్యానులో కూర్చుని, ఇంజను ఆన్ చేయించి, దీపం వెలిగే చోటువైపు చూస్తూ ఒంటిగంట దాకా ఉన్నారు. దీపం వెలగలేదు. మధ్యలో రెండుసార్లు టీ వచ్చింది.

ఓబులేసు ఆగలేక చేతులు కట్టుకుని చెప్పాడు. “సార్, ఇది గుంతల్లో ఎగిరితేనే వెలుగుతాది. గుండ్లవంక మిట్ట దాకా ఒక్కసారి పోయొస్తే మీకే కనపడతాది సార్.”

“అసంభవము” అన్నారు అచ్యుతానందం గారు. “వాహనము దోషయుక్తమను అనుమానము కలదు. అట్టి వాహనమునందు అధికారులు ప్రయాణించుట మిక్కిలి ప్రమాదకరము.”

“డాక్టరమ్మా నేనూ దినామూ పోతాంటిమి గదా సార్?”

“మీరు అధికారులు కారు కదయ్యా” అన్నారు ఆయన, ఎంతో మెత్తగా.

కమిటీకి ఒక అనుమానం వచ్చింది. దీపాన్ని ఓబులేసు ఒక్కడే చూస్తున్నాడు కాబట్టి లోపం ఓబులేసు కళ్ళలో ఉందేమో! ఆయన్ను కంటి ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరు అన్ని అక్షరాలూ చదివించి, ఈ వయసులో ఇంత మంచి చూపు తను చూడలేదని రాసిచ్చాడు. ప్రసూన అంతకుముందు మిట్ట దగ్గర తన ఫోన్‌లో తీసిన దీపం వీడియో చూపించింది. “ఇది దీపము కాదమ్మా, దీపము యొక్క చిత్రము” అని కమిటీ దాన్ని తిరిగిచ్చేసింది. చివరకు నివేదిక ఇలా వచ్చింది: “చోదకుని నేత్రములు నిర్దోషములు. వాహనము నిర్దోషము. కావున దోషము ఈ రెంటి మధ్య ఎచ్చటనో కలదు. దీనిని కనుగొనుటకు నిరంతర పరిశీలన అవసరము.”

అంతవరకూ సాక్ష్యం చెడిపోకుండా ఉండాలని బానెట్టు చుట్టూ తాడు కట్టి, లక్క కరిగించి, నాలుగు చోట్ల మండలి ముద్ర వేశారు. ఇక రేడియేటరులో నీళ్ళు పోయాలన్నా ఓబులేసు అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు కూడా. “నీరు పోయుటలో గల ఆవశ్యకతను వివరింపుడు” అని వెనక్కొచ్చింది.

ఇలా జీవరక్షా మండలిలో దీప పరిశీలన విభాగం పుట్టింది.

మొదటి ఉద్యోగి తిప్పేస్వామి. రెవెన్యూలో సూపరింటెండెంటుగా రిటైరై ఇంట్లో కోడలితో వేగలేకపోతున్న పెద్దమనిషి. హోదా దీప పరిశీలకుడు. దీపం అధికారికంగా కనిపించేంత వరకు ఆయన కొలువు ఉంటుందని ఆర్డరులో రాశారు. దీపానికి ఎదురుగా కూర్చోవాలి కాబట్టి డాక్టరు సీటు ఆయనకిచ్చారు. ఆయన కునుకు తీస్తున్నాడో లేదో చూడ్డానికి పరిశీలక పర్యవేక్షకుడొకడు వచ్చాడు. వీళ్ళు చెప్పింది రాసుకోవడానికి ఒక లేఖకుడు, ఫోటో తియ్యడానికి ఒక ఛాయాగ్రాహకుడు. వెనక బల్ల మీది సహాయకులిద్దరినీ దింపేసి పర్యవేక్షకుడినీ లేఖకుడినీ కూర్చోబెట్టారు. ఛాయాగ్రాహకుడికి చోటు లేకపోతే మందుపెట్టె దింపి ఆ జాగాలో స్టూలు వేశారు.

“మందుపెట్టె లేకుండా వ్యాను ఎందుకు సార్?” అని ప్రసూన గొంతు చించుకుంది.

“ప్రస్తుత దశలో టీకా విషయము దీపముతో ప్రత్యక్ష సంబంధము కలిగినది కాదు” అన్నారు అచ్యుతానందం గారు.

మే నెల చివరి మంగళవారం నాడు, నెలన్నర తర్వాత మొట్టమొదటిసారి, వ్యాను గేటు దాటింది. లోపల ఓబులేసు, నలుగురు పరిశీలన సిబ్బంది, వాళ్ళ టిఫిను క్యారియర్లు. మందు లేదు, డాక్టరు లేదు. ఓబులేసుకు స్టీరింగు పట్టుకోవాలంటే సిగ్గేసింది.

గుండ్లవంక మిట్ట ఎక్కుతుండగా బండి ఒక గుంతలో ఎగిరిపడింది. దీపం వెలిగింది, మామూలుగా కాదు, దీపావళి మతాబులాగా వెలిగింది.

“వెలిగింది! వెలిగింది సార్! సూడండి!” అని అరిచి ఓబులేసు రూలు ప్రకారం అక్కడికక్కడే బ్రేకు వేశాడు.

ఆ క్షణంలో తిప్పేస్వామి కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటున్నాడు. పర్యవేక్షకుడు తన డ్యూటీ ప్రకారం తిప్పేస్వామినే చూస్తున్నాడు గానీ దీపాన్ని కాదు. లేఖకుడు పర్యవేక్షకుడి నోటివంక చూస్తున్నాడు. ఛాయాగ్రాహకుడు స్టూలుతో సహా బోర్లా పడి ఉన్నాడు. వాళ్ళందరూ సర్దుకుని తలలెత్తేసరికి, బండి ఆగింది గనక వైరు రేకును వదిలేసింది, దీపం ఆరిపోయింది.

“ఏమని రాసేది సార్?” అని లేఖకుడు అడిగాడు.

“చోదకుడు కేక వేసెను అని రాయి” అన్నాడు పర్యవేక్షకుడు.

అప్పటికే మిట్ట మీది నుంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. తెల్ల వ్యానును చూసి గుండ్లవంక గుండ్లవంకంతా కదిలింది. గొర్రెల్ని అదిలించుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుంటూ వస్తున్నారు. అందరికంటే ముందు మారెక్క. ఇరవై తొమ్మిది జీవాలూ ఆమె వెంటే ఉన్నాయి. వ్యాను వెనక తలుపు తెరిచి లోపలికి తొంగి చూసింది. అక్కడ కెమెరా పట్టుకున్న మనిషి తల తడుముకుంటున్నాడు.

“మందు యాడుందన్నా?”

ఓబులేసు దిగి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

“డాక్టరమ్మ రాలేదా? మరి వీళ్ళంతా ఎవరన్నా? దేనికొచ్చినారు?”

“లైటు సూసేకి వచ్చినారమ్మా.”

“ఏం లైటు?”

ఓబులేసు ఆరిపోయిన దీపం వైపు వేలు చూపించాడు. మారెక్క దానివంక చూసింది, అన్నవంక చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మీకేమన్నా తిక్క పట్టిందా అన్నా? పోయిన సారి పందొమ్మిది పాయె. ఈసారి ఇవి గూడా పోతే నేను యాడికి పోవాల? ఏం తిని బతకాల? నీ బండి వచ్చిందని ఊరంతా పిలుచుకోనొస్తి గదన్నా!”

ఇరవై ఆరేళ్ళలో ఓబులేసును ఏ ఆఫీసరూ ఇంత మాట అనలేదు. తిరుగు దారంతా ఆయనకు ఒకటే ఆలోచన. మెమో రాకుండా కాపాడుకున్న ఈ పేరు ఎవరికి పనికొచ్చింది? చెల్లెలి జీవాలకు పనికిరాని పేరు, పెట్టెలో పెట్టుకుని పూజ చేసుకోనా?

ఆ ఆదివారం మధ్యాహ్నం, మండలి వాచ్‌మన్ భోజనానికి వెళ్ళిన వేళ, దాదాపీరు టేపు చుట్ట జేబులో వేసుకుని గోడ దూకి వచ్చాడు. బానెట్టు మీద లక్కముద్రలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అందుకని దాదాపీరు బండి కిందికి దూరి, కింది నుంచి చెయ్యి పైకి పోనిచ్చి, వైరుకు టేపు చుట్టి, రేకుకు తగలకుండా పక్కకు కట్టాడు. ఐదు నిమిషాలు పట్టింది. బయటికొచ్చి చొక్కా దులుపుకుంటూ, “ఇంగ ఈ లైటు ఈ జన్మలో వెలగదు. రెండు నెల్ల కిందటే సుడతానంటి గదన్నా” అన్నాడు.

“అన్నావులే. ముందు గోడ దూకు” అన్నాడు ఓబులేసు. ఆయనకు లోపల ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది.

సోమవారం సమీక్షా సమావేశం. దీపం ఇంకా అధికారికంగా కనిపించలేదని అచ్యుతానందం గారు దిగులుగా ఉన్నారు. రాజధానికి రాసుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అప్పుడు ఓబులేసు లేచి నిలబడ్డాడు. పక్కన ప్రసూన మొహం గంభీరంగా పెట్టుకుని కూర్చుంది. ఏం చెప్పాలో వాళ్ళిద్దరూ పొద్దున్నే అనుకున్నారు.

“సార్, ఒక మనవి. మొదట్లో ఆ లైటు దినామూ వెలుగుతాన్నప్పుడు బండిలో ఎవరెవరుండిరి? డాక్టరమ్మ ముందు సీట్లో, సహాయకులిద్దరూ వెనక, మందుపెట్టె నిండుకూ మందు. మనం అవన్నీ దించేస్తిమి. మనుషులు మారిరి, బరువు మారె. ఇంగ లైటు ఎట్ల కనపడతాది సార్? జబ్బు ఎప్పుడొచ్చెనో, యా తిండి తింటే వచ్చెనో, అదే తిండి పెట్టి సూస్తే గదా జబ్బు బయటపడేది?”

అచ్యుతానందం గారు కుర్చీలో ముందుకు వంగారు.

“అంతే గాదు సార్” అంది ప్రసూన. “అప్పట్లో మేం ప్రతి మంద దగ్గరా ఇంజను ఆన్‌లోనే పెట్టి, పెట్టె తెరిచి, ఒక్కొక్క జీవానికీ సూది వేసేవాళ్ళం. ఆ సూదులు వేసే గంటా గంటన్నరా ఇంజను ఊరికే నడుస్తూ ఉండేది. ఆ స్థితిని కూడా యథాతథంగా తిరిగి కల్పించాలి. నిజం టీకాలే వెయ్యాలి. ఉత్తుత్తి సూదులైతే వేళ సరిపోదు, పరిశీలన చెల్లదు.”

ఆవిడకు నవ్వు ఎక్కడ దొర్లుతుందోనని ఓబులేసు నేల చూపులు చూశాడు.

“అనగా... పూర్వస్థితి పునఃప్రతిష్ఠాపనము!” అచ్యుతానందం గారి మొహం వెలిగిపోయింది. “శిక్షణలో నాలుగవ దినమున ఇదియే చెప్పిరి! మనము ఎట్లు విస్మరించితిమి?”

గంటలో ఉత్తర్వు టైపై వచ్చింది. “దీపమును దర్శించుటకై, సదరు వాహనము పూర్వపు సిబ్బందితోను, పూర్వపు బరువుతోను, ఇరువది ఒక్క గ్రామములయందును వరుసగా ప్రతిదినము పర్యటించవలెను. ప్రతి మందయొద్ద ఆగి, టీకాలు వేయుచున్నట్టి స్థితిని సంపూర్ణముగా కల్పించవలెను. ఇందు నిర్లక్ష్యము సహింపబడదు.” పరిశీలన సిబ్బందిలో ముగ్గురిని ఆఫీసులోనే ఉండి నివేదికలు తయారుచేయమన్నారు. తిప్పేస్వామికి మాత్రం ఓబులేసు పక్కనే గేరు మీదుగా కాళ్ళు పెట్టుకుని కూర్చునేలా ఒక చిన్న పీట వేశారు.

మంగళవారం గుండ్లవంక. బండి అదే గుంతలో అంతే ఎత్తున ఎగిరిపడింది. దీపం వెలగలేదు. వ్యాను ఆగినా మారెక్క దూరంగానే నిలబడింది, ఈసారి ముందుకు రాలేదు. ప్రసూన దిగి మందుపెట్టె తెరిచాక, మంచుగడ్డల మధ్య సీసాలు కనిపించాక, అప్పుడు కదిలింది. మొదటి సూది పడిన గొర్రె మే అంది. మారెక్క అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓబులేసు ముక్కు చీదుకున్నాడు.

ఆ తర్వాత రోజుకో ఊరు, ఒక్కోరోజు రెండూళ్ళు. తిప్పేస్వామి పాపం నిజాయితీపరుడు, మొదటి నాలుగు రోజులు దీపంవంక రెప్పవెయ్యకుండా చూశాడు. ఐదో రోజున మెడ పట్టేసింది. ఆరో రోజున దిగి, గొర్రె మూతి ఎలా పట్టుకోవాలో సహాయకుల్ని అడిగి నేర్చుకున్నాడు. పదో రోజుకు పంచె ఎగ్గట్టి మందలోకి దూకి, పారిపోయే పొట్టేళ్ళను కాలు పట్టి లాక్కొచ్చే స్థితికి వచ్చాడు.

ఒక సాయంత్రం తిరిగొస్తూ ఆయన ఉన్నట్టుండి అడిగాడు. “ఏమయ్యా ఓబులేసూ, ఈ దీపం ఇంగ వెలగదు గదా?”

ఓబులేసు గేరు మార్చాడు. “అదేంది సార్, అట్లంటారు?”

“నలభై ఏండ్లు రెవెన్యూలో జేసినోన్ని. కిందికి దూరి చెయ్యి పెట్టినోని చొక్కాకు ఆయిలు మరక ఎట్లుంటాదో నాకు దెలీదా? ఆ దాదాపీరు సోమవారం పొద్దున టీ అంగట్లో నా పక్కనే కూర్చున్యాడులే.” తిప్పేస్వామి కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు తగ్గించాడు. “వెలక్కపోతేనే మేలప్పా. వెలిగిందంటే నా కొలువు పాయె, మళ్ళా ఇంట్లో కోడలి ముందర కూర్చోవాల.”

జూన్ ఆఖరి వారానికి పన్నెండు వేల డోసులూ అయిపోయాయి. జూలై ఆఖర్లో వానలు దంచికొట్టాయి. పక్క జిల్లాల నుంచి మూతివాపు కబుర్లు వచ్చాయి గానీ ఇరవై ఒక్క పల్లెల్లో ఎక్కడా మంద మూలగలేదు. మారెక్క ఇరవై తొమ్మిదీ నిలబడ్డాయి. వాటిలో ఏడు ఈనాయి కూడా.

ఆగస్టులో సమీక్ష జరిగింది. అచ్యుతానందం గారు నివేదిక చదివారు. నాలుగు వేల రెండు వందల కిలోమీటర్లు, ఎనభై మూడు పర్యటనలు, దీపదర్శనం శూన్యం. చదవడం ముగించి ఆయన నివేదికను పక్కన పెట్టారు. రాజధాని నుంచి ఉత్తరం వచ్చి బల్ల మీద ఉంది. ఇంత దూరం తిరిగినా దీపం వెలగని వాహనం మరే జిల్లాలోనూ లేదని, ఇదే శూన్య దీప ఉద్యమానికి ఆదర్శమని మెచ్చుకుంటూ రాశారు. దీపాన్ని వెతకడానికి పుట్టిన విభాగానికి, దీపం దొరకనందుకు మెచ్చుకోలు!

“టీకాల సంఖ్య కూడా నివేదికలో రాయాలి సార్” అని ప్రసూన గుర్తుచేసింది. “పన్నెండు వేలు.”

“అది పరిశీలనలో భాగముగా యాదృచ్ఛికముగా జరిగినది కదమ్మా. నమోదు అనవసరము.”

సమావేశం ముగిశాక ఆయన ఓబులేసును ఆగమన్నారు. తలుపు మూసుకున్నాక గొంతులో వ్యాకరణం సడలింది.

“చూడు ఓబులేసూ, నిజం చెప్పవయ్యా. విభాగం ఇంకా కొనసాగించాలో మూసెయ్యాలో ఇవాళ సంతకం పెట్టాలి. మూసేస్తే వ్యాను మళ్ళీ ఆవరణలో నిలిపెయ్యమని రూలు. ఆ దీపం ఎప్పటికైనా కనబడుతుందంటావా?”

ఓబులేసు ఎదుటి మనిషితో పచ్చి అబద్ధం ఆడి ఎరగడు. మూడు నెలల కిందటైతే అక్కడే కాళ్ళ మీద పడి టేపు సంగతి చెప్పేసేవాడు. ఇప్పుడు మాత్రం ఆయనకు గుండ్లవంక అవతల కొండవాలు పల్లెలు గుర్తొచ్చాయి. అక్కడన్నీ మేకలు. చలికాలం వచ్చేలోపు వాటికి పారుడు రోగం టీకా వెయ్యాలని డాక్టరమ్మ ఆ పొద్దునే అంది.

“కచ్చితంగా కనపడతాది సార్” అన్నాడు కళ్ళలోకి చూస్తూ. “ఇన్నాళ్ళూ మనం వెతికింది గొర్రెల ఊర్లలో. మేకలుండే ఊర్లలో ఇంతవరకూ సూడనే లేదు.”

అచ్యుతానందం గారు ఆలోచించారు. తల పంకించారు. కలం తీసి కొనసాగించవలెనని సంతకం పెట్టారు. కాగితం మడవబోతూ మళ్ళీ ఏదో తోచి, అడుగున తన సొంత దస్తూరీతో ఇంకో వాక్యం రాశారు.

“మందుపెట్టె మరువరాదు.”